యుద్ధం (ఒట్టో డిక్స్ చిత్రం)

జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ 1929 నుంచి 1932 దాకా డ్రెస్డెన్ నగరంలో కూర్చుని గీసిన పెద్ద చిత్రం 'యుద్ధం'. జర్మన్‌లో దీని పేరు 'డేర్ క్రీగ్'. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పశ్చిమ రంగపు కందకాల్లో సైనికులు బతికిన తీరు, చచ్చిన తీరు ఇందులోని వస్తువు. మొత్తం నాలుగు చెక్క పలకలు. నడిమి పలక 204 సెంటీమీటర్ల చదరం. దానికి అటూ ఇటూ అంతే ఎత్తున, అందులో సగం వెడల్పున రెండు రెక్కలు. నడిమి పలక కింద 60 సెంటీమీటర్ల ఎత్తున, అడ్డంగా, శవపేటికలా ఇరుకుగా ఉండే అడుగు పలక. చర్చిలో పూజావేదిక వెనక నిలిపే మధ్యయుగపు చిత్రాలది ఇదే అమరిక. ఇప్పుడు ఇది డ్రెస్డెన్‌లోని ఆల్బర్టీనమ్ భవనంలో, ఆధునిక చిత్రాల గ్యాలరీలో ఉంది.

దీని గురించి ముందుగా చెప్పుకోవలసింది దాని ఆలస్యం. యుద్ధం 1918 నవంబరులో ఆగింది. చిత్రం పూర్తయింది 1932లో. మధ్యలో 14 ఏళ్లు. ఆ 14 ఏళ్లలో డిక్స్ ఇదే విషయాన్ని పెన్సిలుతో, నీటి రంగులతో, నూనె రంగులతో, లోహపు పలకల మీద ఆమ్లంతో మళ్లీమళ్లీ గీశాడు. ఏదీ చాలలేదు. చూసింది చూసినట్టు చెప్పడానికి అతనికి వేగం పనికిరాలేదు. 400 ఏళ్ల కిందటి చిత్రకారుల నిదానమైన పనితనం కావలసి వచ్చింది. ఈ చిత్రం విలువంతా ఆ నిదానంలోనే ఉంది.

కందకాల యుద్ధం

1914 ఆగస్టులో మొదలైన యుద్ధం కొద్ది నెలల్లో ముగుస్తుందని అందరూ అనుకున్నారు. ఆ ఏడాది చివరికి స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి ఉత్తర సముద్రం దాకా దాదాపు 700 కిలోమీటర్ల పొడవున రెండు వైపుల సైన్యాలూ నేలలోకి దిగిపోయాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది. నిమిషానికి 500 తూటాలు కక్కే మెషిన్‌గన్ ముందు నిటారుగా నిలబడినవాడు బతకడు. కాబట్టి తవ్వుకోవాలి. తవ్వుకున్నవాణ్ణి బయటికి లాగాలంటే ఫిరంగులు కావాలి. ఫిరంగి గుండ్లు పడే కొద్దీ నేల గుంతలమయమైంది, గుంతల్లో నీళ్లు నిలిచాయి, అందులో శవాలు కుళ్లాయి. రెండు వరసల మధ్య, ముళ్లతీగల నడుమ చచ్చినవాణ్ణి తెచ్చుకునే వీలుండేది కాదు. అలా మిగిలిపోయిన దేహం వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కళ్ల ముందే ఉండేది. పేలు, ఎలుకలు, బురద, నిద్ర లేకపోవడం రోజువారీ బతుకు. 1915 ఏప్రిల్ 22న ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. అప్పటినుంచి గాలి కూడా శత్రువైంది.

ఒక్క సోమ్ యుద్ధం చాలు లెక్క తెలియడానికి. 1916 జులై 1న, మొదటి రోజే, బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చచ్చిపోయారు. గాయపడినవారినీ కలిపితే 57,470. నవంబరు నడిమికి ఆ యుద్ధం ముగిసేసరికి అన్ని వైపులా కలిసి పది లక్షల పైచిలుకు మంది చచ్చారు లేదా గాయపడ్డారు. ఆ యుద్ధంలో జర్మన్ వైపు ఒక మెషిన్‌గన్ వెనక డిక్స్ ఉన్నాడు. ఎదుటి వైపు ఉన్న దళాల్లో ఒకదాని పేరు తెలుగు పాఠకుడికి బాగా తెలిసిన పేరు: సికింద్రాబాద్ అశ్వదళ బ్రిగేడ్. జులై 14న హైవుడ్ అనే చిన్న అడవి దగ్గర ఈ బ్రిగేడ్‌లోని 20వ డెక్కన్ హార్స్, ఒక బ్రిటిష్ దళంతో కలిసి, బల్లేలు పట్టుకుని గుర్రాల మీద జర్మన్ల మీదికి దూకింది. డెక్కన్ హార్స్ ఒకప్పుడు హైదరాబాద్ కంటింజెంట్‌లోని రిసాలా. మెషిన్‌గన్ల కాలంలో గుర్రం మీద బల్లెం! ఆ యుద్ధం ఎలాంటి మనుషులను ఎలాంటి యంత్రాల ముందు నిలబెట్టిందో ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది.

చిత్రకారుడు

డిక్స్ 1891 డిసెంబరు 2న గెరా పట్టణం పక్కన ఉంటర్‌మ్‌హౌస్‌లో పుట్టాడు. తండ్రి ఇనుము పోతపోసే కార్ఖానాలో కార్మికుడు. తల్లి కుట్టుపని చేసేది. చిత్రకారుడైన ఒక దగ్గరి బంధువు పనిగదిలో కూర్చుని, ఆ రంగుల వాసనకే చిన్నప్పుడు చిత్రకళ మీద మోజు పెంచుకున్నాడు. గోడలకు అలంకార చిత్రాలు వేసే మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, 1910లో డ్రెస్డెన్ హస్తకళల పాఠశాలలో చేరాడు.

యుద్ధం రాగానే ఫిరంగి దళంలో శిక్షణ పొందాడు. 1915 శరత్కాలంలో మెషిన్‌గన్ దళంతో ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానికి వెళ్లాడు. తర్వాత సోమ్, కొంతకాలం రష్యా వైపు, 1918లో మళ్లీ ఫ్లాండర్స్. ఐరన్ క్రాస్ పతకం అందుకున్నాడు. ఆ ఏడాది ఆగస్టులో మెడకు గాయమైంది. మామూలు సిపాయిగా చేరి సార్జెంటు స్థాయికి ఎదిగాడు. అంటే అతను ఈడ్చుకెళితే వెళ్లిన మనిషి కాడు, బాగా పోరాడిన సైనికుడు. ఈ సంగతిని దాచి అతన్ని మొదటినుంచీ శాంతివాదిగా చూపించే రాతలున్నాయి. అవి అతనికి న్యాయం చేయవు. యుద్ధం భయంకరమైనదే కానీ బ్రహ్మాండమైనది కూడా, దాన్ని వదులుకోవడం నా వల్ల కాదనిపించింది, మనిషి ఎలాంటివాడో తెలియాలంటే ఆ పరిస్థితిలో చూడాలి అన్న అర్థంలో అతనే ముసలితనంలో చెప్పుకున్నాడు. సంచిలో బైబిలూ తత్వవేత్త నీచే పుస్తకమూ పెట్టుకుని వెళ్లిన ఇరవైమూడేళ్లవాడు. కళ్లారా చూడాలన్న ఆ ఆకలి, చూసినదాన్ని మింగలేకపోవడం, రెండూ కలిస్తేనే ఈ చిత్రం పుట్టింది.

కందకాల్లో ఉండగానే వందల కొద్దీ బొమ్మలు గీశాడు. ఒక స్నేహితురాలికి పంపిన పోస్టుకార్డుల వెనక పేలిన గుంతలు, కూలిన ఇళ్లు ఉండేవి. రాత కొన్నిసార్లు ఎస్పెరాంటో భాషలో సాగేది.

ఎక్స్‌ప్రెషనిజంతో బంధుత్వం

ఈ చిత్రాన్ని ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రమని తరచు పిలుస్తారు. ఆ మాటలో నిజం ఉంది, కొంత సర్దుబాటూ కావాలి. లోపలి ఆవేశం కోసం బయటి ఆకారాన్ని వంచడం, విరచడం, రంగును అరిపించడం ఎక్స్‌ప్రెషనిజం పద్ధతి. డ్రెస్డెన్ దాని పుట్టినిల్లు. 1905లో 'బ్రూకె', అంటే వంతెన, అనే చిత్రకారుల బృందం అక్కడే మొదలైంది. డిక్స్ యుద్ధకాలపు బొమ్మలన్నీ ఆ గాలి పీల్చినవే. 1914లో తనను తాను సైనికుడిగా గీసుకున్న చిత్రంలో ఎరుపు రంగు రక్తంలా కారుతుంది. 1915లో తనను యుద్ధదేవుడు మార్స్‌గా గీసుకున్నప్పుడు ముఖం, ఇళ్లు, గుర్రాలు ముక్కలు ముక్కలై గిరగిర తిరుగుతాయి.

ఆ తరం చిత్రకారులను యుద్ధం ఎలా మింగిందో కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆగస్ట్ మాకె 1914 సెప్టెంబరులో షాంపేన్‌లో చచ్చిపోయాడు. ఫ్రాంజ్ మార్క్ 1916 మార్చిలో వెర్డన్ దగ్గర. మాక్స్ బెక్మన్ ఆసుపత్రి సేవకుడిగా వెళ్లి 1915లో మనసు చెదిరి తిరిగొచ్చాడు. కిర్‌ష్‌నర్ రణరంగం దాకా వెళ్లకుండానే కుప్పకూలి, కుడిచెయ్యి తెగిపోయినట్టు తనను తాను గీసుకున్నాడు. నిజానికి అతని చెయ్యి తెగలేదు. కేతె కొల్‌విట్జ్ చిన్నకొడుకు 1914 అక్టోబరులోనే పోయాడు. ఆమె ఆ దుఃఖాన్ని చెక్క అచ్చు బొమ్మల్లోకి తీసుకురావడానికి ఎనిమిదేళ్లు పైన పట్టింది.

డిక్స్ మాత్రం 1920 తర్వాత అరుపును తగ్గించాడు. వంకర గీతల బదులు, పుండు అంచుల్నీ కుళ్లిన బట్ట పోగుల్నీ ఉన్నదున్నట్టు చూపే చల్లని చూపు వచ్చింది. 1925లో మాన్‌హైమ్ నగరంలో జరిగిన ప్రదర్శన ఈ ధోరణికి 'నవ్య వాస్తవికత' అని పేరు పెట్టింది. అందుకే కళాచరిత్రకారులు డిక్స్‌ను ఎక్కువగా ఆ వరసలో కూర్చోబెడతారు. 'యుద్ధం' చిత్రంలో రెండూ ఉన్నాయి. వివరాల్లో చల్లదనం, మొత్తం మీద కేక. ఈ రెంటిలో ఏ ఒక్క పేరు పెట్టినా రెండోది బయట మిగిలిపోతుంది.

పోయిన చిత్రం: 'కందకం'

'యుద్ధం' చిత్రానికి ముందు మరొకటి ఉంది. దాని కథ చెప్పకుండా దీని కథ చెప్పలేం. 1920లో మొదలుపెట్టి 1923లో పూర్తి చేసిన 'కందకం' రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న నూనె రంగుల చిత్రం. ఫిరంగి దాడి ముగిశాక ఒక జర్మన్ కందకంలో మిగిలినదేమిటో అందులో ఉంది. తెరుచుకున్న పుర్రెలు, పేగులు, పైన ఇనుప కమ్ములకు గుచ్చుకుని గాలిలో వేలాడే ఒక దేహం. ఇప్పుడు మనకున్నది నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే.

కొలోన్ నగరంలోని వాల్‌రాఫ్-రిషార్ట్జ్ మ్యూజియం 1923లో దీన్ని కొన్నది. తెర వెనక ఉంచి, చూడదలచినవారికే చూపేవారు. అయినా గొడవ రేగింది. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ప్రదర్శించినప్పుడు పేరున్న విమర్శకుడు యూలియుస్ మైయర్-గ్రేఫె ఇది చూస్తే వాంతి వస్తుందన్న ధోరణిలో రాశాడు. గమ్మత్తేమిటంటే అతను సంప్రదాయవాది కాడు, ఫ్రెంచి ఆధునిక చిత్రకళను జర్మన్లకు పరిచయం చేసిన మనిషి. ఇటువైపు వృద్ధ చిత్రకారుడు మాక్స్ లీబర్‌మన్ దీన్ని యుద్ధానంతర కాలపు అతి ముఖ్యమైన చిత్రాల్లో ఒకటిగా మెచ్చుకున్నాడు. కొలోన్ మేయరు కోన్రాడ్ అడెనవర్. తర్వాతి రోజుల్లో పశ్చిమ జర్మనీకి తొలి చాన్సలర్ అయినది ఆయనే. ఆయన హయాంలో కొనుగోలు రద్దయింది, చిత్రం వ్యాపారి చేతికి తిరిగి వెళ్లింది. 1928లో డ్రెస్డెన్ నగర మ్యూజియం దాన్ని కొన్నది. కానీ గోడకు వేలాడదీయడానికి అక్కడా జంకారు.

1933 తర్వాత నాజీలు దాన్ని అవమానించడానికే బయటికి తీశారు. మొదట డ్రెస్డెన్‌లో, తర్వాత 1937లో మ్యూనిక్‌లో మొదలైన 'భ్రష్ట కళ' ప్రదర్శనలో జనం ఎగతాళికి పెట్టారు. 1940లో ఒక వ్యాపారికి అమ్మారు. ఆ తర్వాత దాని జాడ లేదు.

ఎచింగ్‌లు

1924లో, యుద్ధం మొదలై పదేళ్లయిన సందర్భంలో, డిక్స్ 50 ఎచింగ్‌లు, అంటే లోహపు పలకల మీద ఆమ్లంతో గీసిన బొమ్మలు, అచ్చువేశాడు. పదేసి బొమ్మల చొప్పున ఐదు సంపుటాలు, 70 ప్రతులు. వాటి పేరు కూడా 'యుద్ధం'. బెర్లిన్‌లో కార్ల్ నీరెన్‌డార్ఫ్ ప్రచురించాడు. స్పెయిన్ చిత్రకారుడు గోయా నెపోలియన్ సేనల దురాగతాల మీద చెక్కిన బొమ్మలు వీటికి ఆదర్శం. శరీరం కుళ్లే తీరు తెలియడానికి డిక్స్ ఇటలీలోని పలెర్మోలో, కాపుచిన్ సన్యాసుల మఠం నేలమాళిగలో ఎండిపోయి నిలబడి ఉన్న శవాలను చూసి బొమ్మలు వేసుకున్నాడు.

గ్యాస్ మాస్కులు వేసుకుని మన మీదికే దూకుతున్న దాడి దళం బొమ్మ ఈ సంపుటాల్లోదే. ఎక్కడో ఒకచోట ప్రతి పాఠకుడూ చూసే ఉంటాడు. నా మటుకు అంతకంటే భయం పుట్టించేది మరొకటి. లోరెట్టో గుట్టల మీద కందకంలో ఒక సైనికుడు డబ్బాలోంచి తిండి తింటుంటాడు. పక్కనే మంచులో గడ్డకట్టిన అస్థిపంజరం. అతను దాని వంక చూడడు. అలవాటైపోయింది. మనిషికి ఆ దృశ్యం అలవాటు కావడమే డిక్స్‌ను వెంటాడింది.

చిత్రంలో ఏముంది

ఎడమ రెక్కలో తెల్లవారుజాము. పొగమంచు నేలనంటి పాకుతోంది. సైనికుల వరస మనకు వీపు చూపించి ముందుకు వెళుతోంది. ఉక్కు హెల్మెట్లు, భుజాల మీద తుపాకులు, వీపుల మీద బరువైన సంచులు. ముఖాలు దాదాపు కనిపించవు. పేరు లేని మనుషులు పనికి వెళ్లే కూలీల్లా నడుస్తున్నారు. ఎవరూ ఉత్సాహంగా లేరు, ఎవరూ ఏడవడం లేదు. మనం వాళ్ల వెనక నిలబడి ఉన్నాం, అంటే మనదీ అదే దారి.

నడిమి పలకలోకి వచ్చేసరికి ఆ వరస ఎక్కడికి వెళ్లిందో తెలుస్తుంది. కూలిన గోడలు, వంకరపోయిన ఇనుప కమ్ములు, చిరిగిన గుడారం గుడ్డ, కాలిన దూలాలు, వాటి మధ్య ఏది బురదో ఏది మాంసమో చెప్పలేని గుట్ట. పైన ఇనుప దూలానికి చిక్కుకుని ఒక అస్థిపంజరం గాలిలో వేలాడుతోంది. పోయిన 'కందకం' చిత్రంలోని దేహమే ఇక్కడ ఎండిపోయి తిరిగొచ్చింది. దాని చెయ్యి చాచి ఉంది. చూపుడు వేలు నిటారుగా, ఏదో చూపిస్తున్నట్టు. కింద రేకు చాటున ఒక సైనికుడున్నాడు, గ్యాస్ మాస్కు తొడుక్కుని. ఈ పలకలో ప్రాణంతో ఉన్నట్టు కనిపించేది అతనొక్కడే. కానీ మాస్కు వల్ల అతనికీ ముఖం లేదు. బతికినవాడికి యంత్రం ముఖం, చచ్చినవాళ్లకు ఎముక ముఖం.

కుడివైపున తలకిందులై పడి ఉన్న ఒక దేహం. కాళ్లు పైకి లేచి ఉన్నాయి. ఆ కాళ్ల చర్మం దగ్గరగా చూడవలసినది. తూటాల చిల్లులతో మశూచి పొక్కుల్లా నిండిపోయింది. ప్రతి చిల్లు చుట్టూ అంచు ఉబ్బి, రంగు మారి ఉంది: పసుపు, తర్వాత బూడిద, నడిమిన నలుపు. డిక్స్ ఈ చిల్లులను హడావిడిగా చుక్కలు పెట్టి వదలలేదు. ఒక్కొక్కటీ ఒక్కో పుండుగా గీశాడు. కంసాలి నగ మీద పని చేసినట్టు. చూసేవాడికి కలిగే ఒళ్లు గగుర్పాటు సగం ఆ ఓపిక వల్లే కలుగుతుంది. ఇంత శ్రద్ధగా చూసిన మనిషి దీన్ని ఎన్ని రాత్రులు మోసి ఉంటాడో అనిపిస్తుంది.

కుడి రెక్కలో ఆకాశం మండుతోంది. ఆ మంటల ముందు బూడిద రంగు మనిషొకడు గాయపడిన సహచరుణ్ణి చంకల కింద పట్టుకుని లాక్కొస్తున్నాడు. కాళ్ల దగ్గర ఇంకొకడు పాకుతున్నాడు. బూడిద రంగు మనిషి తల మీద హెల్మెట్ లేదు. అతని చూపు నేరుగా మన మీదే. ఆ ముఖం డిక్స్‌దే. నాలుగు పలకల్లోనూ మనల్ని చూసే ముఖం ఇదొక్కటే. వీరుడి ముఖం కాదు, సాక్షి ముఖం. రంగంతా ఎరుపెక్కి ఉంటే ఇతనొక్కడే సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉన్నాడు. బతికి బయటపడ్డవాడు కూడా సగం దయ్యమే అన్నట్టు.

అడుగు పలకలో కొందరు సైనికులు పక్కపక్కన వెల్లకిలా పడుకుని ఉన్నారు. పైన గుడ్డ, అటూ ఇటూ చెక్కలు. నిద్రపోతున్నారా, చచ్చిపోయారా? చిత్రం చెప్పదు. నిద్రే అయితే తెల్లవారగానే లేచి ఎడమ రెక్కలోని వరసలో చేరతారు, చక్రం మళ్లీ తిరుగుతుంది. చావే అయితే ఇది సమాధి. పొద్దున నడక, పగలు యుద్ధం, సాయంత్రం తిరుగు ప్రయాణం, రాత్రి నేల కింద అని నాలుగు పలకలనూ ఒక రోజులా చదివే పద్ధతి అందుకే బలంగా నిలబడింది.

ఇసెన్‌హైమ్ వేదిక

ఈ అమరికకు మూలం మథియాస్ గ్రూనెవాల్డ్ 1512-1516 మధ్య గీసిన ఇసెన్‌హైమ్ వేదిక చిత్రం. అల్సాస్‌లో ఆంటొనీ సన్యాసుల మఠం కోసం గీసినది. ఆ మఠంలో ఆసుపత్రి ఉండేది. రై ధాన్యానికి పట్టే ఒక రకం బూజు తిన్నవారికి కాళ్లూ చేతులూ మండి, నల్లబడి, ఊడిపోయే జబ్బు వచ్చేది. ఆ రోగులే ఆ చిత్రం ముందు కూర్చునేవారు. అందుకే గ్రూనెవాల్డ్ శిలువ మీది క్రీస్తు చర్మం నిండా పుండ్లు పెట్టాడు, వేళ్లు వంకరలు తిరిగేలా గీశాడు. మీ బాధ ఆయనా పడ్డాడు అని రోగికి చెప్పడం దాని ఉద్దేశం.

మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో అల్సాస్ జర్మనీ చేతిలో ఉంది. 1917లో ఈ చిత్రాన్ని అది ఉంటున్న కోల్మార్ ఊరి నుంచి మ్యూనిక్‌కు తరలించారు. 1919లో తిరిగి వెళ్లేదాకా అక్కడ జనం బారులు తీరి చూశారు. యుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్నవారు, కాళ్లు పోగొట్టుకున్నవారు ఆ చిత్రంలో తమను చూసుకున్నారు. డిక్స్ తరం చిత్రకారులకు గ్రూనెవాల్డ్ ఒక్కసారిగా సొంత మనిషైపోయాడు.

డిక్స్ ఎక్కడెక్కడ ఏమేం తీసుకున్నాడో పోల్చి చూస్తే అతని మనసు తెలుస్తుంది. గ్రూనెవాల్డ్ చిత్రంలో బాప్తిస్మమిచ్చే యోహాను పొడవాటి వేలితో క్రీస్తును చూపిస్తాడు. డిక్స్ దగ్గర ఆ వేలు అస్థిపంజరానికి వచ్చింది. క్రీస్తు చర్మం మీది పుండ్లు తలకిందులైన సిపాయి కాళ్ల మీదికి వచ్చాయి. అడుగు పలకకు మూలం మరో చిత్రం. హాన్స్ హోల్బైన్ 1521-22లో గీసిన, సమాధిలో పడుకున్న క్రీస్తు శవం. బాసెల్‌లో ఉన్న ఆ చిత్రం రెండు మీటర్ల వెడల్పు, ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు. అంతే ఇరుకు, అంతే ఊపిరాడనితనం.

ఇన్ని తీసుకున్న డిక్స్ ఒక్కటి మాత్రం తీసుకోలేదు. ఇసెన్‌హైమ్ వేదిక రెక్కలు తెరిస్తే లోపల పునరుత్థానం ఉంటుంది, క్రీస్తు వెలుగుముద్దలా పైకి లేస్తాడు. డిక్స్ చిత్రంలో తెరవడానికి లోపల ఏమీ లేదు. పైకి లేచినవాడు ఒక్కడే, ఇనుప కమ్మికి గుచ్చుకున్న అస్థిపంజరం.

పనితనం

చిత్రం మొత్తాన్ని ముందుగా అసలు కొలతల్లోనే కాగితం మీద గీసుకున్నాడు. ఆ పెద్ద నమూనాలు ఇప్పుడు హాంబర్గ్ కళామ్యూజియంలో ఉన్నాయి. తర్వాత చెక్క మీద తెల్లని పూత, దాని మీద గీతలు, గుడ్డు సొన కలిపిన టెంపెరా తెలుపుతో వెలుగు భాగాలు, వాటిమీద నూనె, జిగురు కలిసిన పలచని రంగు పూతలు. ఒక పూత ఆరాక ఇంకొకటి. వెలుగు ఆ పూతల లోపలికి వెళ్లి కింది తెలుపును తాకి తిరిగి వస్తుంది కాబట్టి రంగు లోపల్నుంచి వెలుగుతున్నట్టుంటుంది. క్రానాక్, బాల్డుంగ్ వంటి పాత జర్మన్ చిత్రకారుల పద్ధతి ఇది. ఈ పద్ధతిలో తొందర కుదరదు, ఆవేశం వచ్చినప్పుడు బ్రష్షు విసరడం కుదరదు.

మామూలుగా అమ్మవారి వస్త్రాన్నీ దేవదూత చెంపనూ మెరిపించడానికి వాడిన పద్ధతిని అతను చీము మీద వాడాడు. పచ్చగా మెరిసే ఆ కుళ్లు చూసేవాడి కంటిని ముందు లాగుతుంది. ఏమిటో తెలిశాక వెనక్కి నెడుతుంది. అప్పటికే చూసేశాం. ఫొటో చేయలేని పని ఇదే. ఎర్న్‌స్ట్ ఫ్రీడ్రిష్ 1924లో సైనికుల ఛిద్రమైన ముఖాల ఫొటోలతో యుద్ధ వ్యతిరేక పుస్తకం వేశాడు. దాన్ని చూసినవాళ్లు చప్పున పేజీ తిప్పేస్తారు. డిక్స్ చిత్రం ముందు అలా కదిలిపోవడం కష్టం.

ఎందుకు, ఎవరి కోసం

1929లో రెమార్క్ నవల 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' వెలువడి లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1930 డిసెంబరులో దాని సినిమా బెర్లిన్‌లో ఆడుతుంటే నాజీలు హాల్లోకి ఎలుకలు వదిలి గొడవ చేశారు, వెంటనే సెన్సారు నిషేధించింది. ఒకవైపు యుద్ధాన్ని వీరగాథగా పొగిడే పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయి. ప్రతి ఊళ్లో రాతి సైనికుడు ఛాతీ విరుచుకుని నిలబడుతున్నాడు. కందకాల్లో పడ్డ కష్టాలను జనం అప్పుడే మరిచిపోయారని డిక్స్‌కు అనిపించింది. 1964లో ఒక పత్రికతో మాట్లాడుతూ ఆ సంగతే చెప్పాడు. భయపెట్టడం తన ఉద్దేశం కాదనీ, యుద్ధం ఎంత ఘోరమో తెలియజెప్పి దాన్ని అడ్డుకునే శక్తిని లేపాలనుకున్నాననీ అన్నాడు.

అది నిజమే. ఇంకో కారణాన్ని కూడా అతనే మరోచోట చెప్పాడు. యుద్ధం ముగిశాక ఏళ్ల తరబడి ఒకే కల: కూలిన ఇళ్ల గుండా, ఒళ్లు పట్టని సందుల గుండా పాకుతూ పోవడం. ఇతరుల కోసం గీశాననడం ఎంత నిజమో, ఆ కలలోంచి బయటికి పాకడానికి గీశాడన్నదీ అంతే నిజం. కుడి రెక్కలో సహచరుణ్ణి లాక్కొస్తున్న ఆ బూడిద ముఖాన్ని చూస్తే నాకు రెండోదే ముందు గుర్తొస్తుంది.

1932 శరత్కాలంలో బెర్లిన్‌లోని ప్రష్యన్ కళల అకాడమీలో చిత్రాన్ని ప్రదర్శించారు. 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు.

ఆ తర్వాత

1933 ఏప్రిల్‌లో డ్రెస్డెన్ అకాడమీలో డిక్స్ ప్రొఫెసర్ ఉద్యోగం ఊడింది. అతని చిత్రాలు నైతిక భావాలను గాయపరుస్తాయన్నది ఒక ఆరోపణ, ప్రజల్లో దేశరక్షణ సంకల్పాన్ని దెబ్బతీస్తాయన్నది ఇంకొకటి. ఐరన్ క్రాస్ పొందిన మెషిన్‌గన్ సైనికుడికి చెప్పిన మాట అది. జర్మన్ మ్యూజియంల నుంచి అతని చిత్రాలు దాదాపు 260 తీసేశారు.

'యుద్ధం' అప్పటికి ఏ మ్యూజియం సొత్తూ కాదు. అదే దాన్ని కాపాడింది. పలకలు విడదీసి, డ్రెస్డెన్ ప్రాంతంలోని ఒక పిండి మరలో దాచారు. 1945 ఫిబ్రవరిలో బాంబుదాడికి నగరం కాలిపోయి దాదాపు పాతికవేల మంది చచ్చిపోయారు. చిత్రం దక్కింది.

డిక్స్ ఈలోగా స్విస్ సరిహద్దున కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున హెమ్మెన్‌హోఫెన్‌లో స్థిరపడి ప్రకృతి దృశ్యాలు గీశాడు. చాటుగా మాత్రం 1934-36లో 'ఫ్లాండర్స్' పూర్తి చేశాడు. బురదలో మనుషులు చెట్టు మొద్దుల్లా నానిపోయిన ఆ చిత్రాన్ని, కందకాల మీద నవల రాసిన ఫ్రెంచి రచయిత ఆన్రీ బార్బూస్‌కు అంకితమిచ్చాడు. శత్రుదేశపు సైనికుడికి. అది ఇప్పుడు బెర్లిన్ జాతీయ గ్యాలరీలో ఉంది.

1945లో, 53 ఏళ్ల వయసులో, అతన్ని మళ్లీ సైన్యంలోకి లాగారు. ఫ్రెంచివారికి బందీగా చిక్కాడు. వాళ్లు ఉంచిన శిబిరం కోల్మార్‌లో, గ్రూనెవాల్డ్ వేదిక చిత్రం ఉన్న ఊళ్లో. శిబిరం చర్చి కోసం డిక్స్ అక్కడ మళ్లీ ఒక మూడు పలకల చిత్రం గీశాడు. అందులో మేరీమాత ముళ్లకంచె ముందు ఉంటుంది. 1946 ఫిబ్రవరిలో ఇంటికి పంపారు.

దేశం రెండు ముక్కలయ్యాక డిక్స్ ఇల్లు పశ్చిమాన, 'యుద్ధం' చిత్రం తూర్పున ఉండిపోయాయి. ముసలితనంలో కూడా అతను డ్రెస్డెన్‌కు వచ్చి పని చేసుకుని వెళ్లేవాడు. 1968లో డ్రెస్డెన్ మ్యూజియం ఈ చిత్రాన్ని కొన్నది. మరుసటి ఏడాది జులై 25న డిక్స్ కన్నుమూశాడు. 2014లో, యుద్ధం మొదలై నూరేళ్లయినప్పుడు, డ్రెస్డెన్‌లో ఈ ఒక్క చిత్రం చుట్టూ ప్రత్యేక ప్రదర్శన జరిగింది.